ఆరు గంటలు ఆగలేక

ఉదయభాస్కర్‌ని చెడ్డవాడని పేటలో ఎవరూ అనరు. తాగడు, పేకాడడు, ఎవరి మీదా నోరు పారేసుకోడు. ఆదివారం గుడి మానడు. మొగల్తూరు చుట్టుపక్కల పేటల్లో చర్చిని గుడి అనే అంటారు, పాస్టరుగారిని అయ్యగారు అంటారు. పంట డబ్బు చేతికి రాగానే అందులో పదోవంతు కవర్లో పెట్టి, పేరు రాయకుండా కానుకల సంచిలో వేస్తాడు. పేరు లేకపోయినా అంత లావు కవరు ఎవరిదో సంచి పట్టుకున్నవాడి దగ్గర్నుంచి వెనక వరస పిల్లల దాకా అందరికీ తెలుసు, అది వేరే సంగతి. అలాంటి మనిషి రెండు నెలలుగా అన్నం ముందు కూచుని ప్రార్థన చెయ్యలేకపోతున్నాడు. కళ్ళు మూసుకుంటాడు, "తండ్రీ" అంటాడు, అక్కడ ఆగిపోతాడు. భార్య రూబీ ఓ కన్ను తెరిచి చూసి, మిగతాది తనే పూర్తి చేస్తుంది.

ఒకప్పుడు ఇలా ఉండేవాడు కాదు. ఇరవయ్యేళ్ళ కిందట వేరేవాళ్ళ రొయ్యల చెరువు మీద కాపలా మనిషి. గట్టు మీద తాటాకు పాక, చేతిలో టార్చిలైటు, నెలకోసారి వచ్చీరాని జీతం. రూబీ అంగన్‌వాడీలో ఆయాగా చేసేది. సాయంత్రం పాకలోకి అన్నం కారియర్ తెచ్చేది. ఎండుమెత్తళ్ళ కూర, మజ్జిగ. ఇద్దరూ ఆ కారియర్ ముందు తల వంచుకునేవారు. "ఇది చాలు తండ్రీ" అని ప్రార్థన ముగించేవాడు. మాట వరసకి అనడం కాదు, నిజంగానే చాలనిపించేది.

పదకొండేళ్ళ కిందట ఎకరన్నర చెరువు కౌలుకి తీసుకున్నాడు. కూతురి ఇంటర్ ఫీజు కట్టేదాకా చేసి ఆపేద్దామనుకున్నాడు. ఫీజు కట్టాక, ఇంటికి శ్లాబు పడేదాకా అనుకున్నాడు. శ్లాబు పడ్డాక, కూతురికి రాజమండ్రిలో నర్సింగ్ సీటు అన్నాడు. అదీ అయింది. ఈలోగా ఎకరన్నర కాస్తా నాలుగెకరాలైంది. ఇంటి ముందు కారు వచ్చి నిలబడింది, ఆ కారుకి రేకుల షెడ్డు వచ్చింది. ఇదొక్కటీ అయితే చాలు, ఇదొక్కటీ అయితే చాలు అనుకుంటూ ఇంత దూరం వచ్చేశాడు. ప్రార్థన కూడా పెరిగింది. రొయ్య నలభై కౌంటుకి, అంటే కిలోకి నలభై తూగేలా రావాలి, రేటు తగ్గకూడదు, వైరస్ పక్కూరి దాకా వచ్చినా అక్కడే ఆగిపోవాలి అని దేవుడికి విడమరిచి చెప్పేవాడు. పక్కూరివాళ్ళు కూడా ఆయన్నే అడుగుతారని మాత్రం మనవాడికి తట్టలేదు.

ఆ నాలుగెకరాల చెరువుకి దిగువన, చేలకి నీళ్ళు తెచ్చే పంటబోదె చివర, సంపూర్ణమ్మ చేను ఉంది. అరవై సెంట్లు. ఎప్పుడో ప్రభుత్వం ఆవిడ భర్తకి పట్టా ఇచ్చిన నేల. భర్త పోయాక ఆవిడే కూలీల్ని పెట్టుకుని, ఊడ్పులకీ కోతకీ తనూ చీర ఎగ్గట్టి దిగి, ఏడాదికి పదిహేను బస్తాలు పండించుకుంటుంది. పిల్లల్లేరు. చుట్టూ పొలాలన్నీ చెరువులైపోయి, ఆ ఒక్క చెక్కే పచ్చగా మిగిలింది. ఆ చెక్క కలిస్తే చెరువు కాలవగట్టు దాకా సాగుతుంది, నీళ్ళు పెట్టుకోవడం తేలిక. ఉదయభాస్కర్ మూడుసార్లు వెళ్ళి అడిగాడు.

"ఏడాదికి నలభైవేలు కౌలు ఇస్తాను పెద్దమ్మా. నువ్వు బురదలో కాలు పెట్టక్కర్లేదు."

"నలభైవేలు ఏం చేసుకోను భాస్కరా? నాకు తిండికి సరిపోతన్నాయి, మిగిలినవి అమ్మితే బీపీ బిళ్ళలొస్తన్నాయి. ఇంకేం కావాలి నాకు?"

అలా అని నవ్వేసి, పాదుకి కాసిన దోసకాయలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో చేతిలో పెట్టి పంపించేది. ఈవిడకి డబ్బు విలువ తెలీదని ఇంటికొచ్చి రూబీతో అనేవాడు. లోపల మాత్రం ఏదో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఆవిడకి సరిపోయినప్పుడు నాకెందుకు సరిపోలేదని ఎక్కడో అనిపించేది. ఆ ఆలోచన పూర్తి కాకుండానే ఫోను మోగేది, మేత బస్తాల లారీ వచ్చేది.

అక్టోబరులో, పౌర్ణమి రోజు పొద్దున్న పది గంటలకి, అసలు సంగతి జరిగింది. చెరువులో రొయ్యలు అంచుకి చేరి తేలడం మొదలుపెట్టాయి. అడుగు నల్లబడిపోయింది, నీళ్ళు వాసనేస్తున్నాయి. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు అన్నీ వేసినా లాభం లేదు. సగం నీళ్ళు వెంటనే వదిలేసి కొత్తవి పెట్టాలి. వదలాల్సింది అవతల మురుగుకాలవలోకి. కానీ పౌర్ణమి పోటుకి సముద్రం ఎగదన్ని ఆ కాలవ అంచుల దాకా నిండి ఉంది. తూము తీస్తే లోపలి నీళ్ళు బయటికి పోవడం కాదు, బయటివే లోపలికొస్తాయి. పోటు తీసి, సముద్రం వెనక్కి తగ్గి, పాటు వచ్చేసరికి సాయంత్రం నాలుగవుతుంది. ఆరు గంటలు ఆగాలి.

ఆరు గంటల్లో ఎన్ని రొయ్యలు చస్తాయో అతనికి తెలీదు. పావువంతు చావొచ్చు, అంతకంటే తక్కువ కూడా చావొచ్చు. మిగతావి బతికినా చాలు, ఆ ఏడాదికి నష్టం ఉండేది కాదు. పేటలో ఎవరికీ లేనంత డబ్బు అప్పటికే బ్యాంకులో ఉంది. ఇవన్నీ తర్వాత ఆలోచించాడు. ఆ పూట ఆలోచించింది ఒక్కటే, చచ్చిపోయే రొయ్య ఒక్కోటీ ఎంత అని.

ఆ చెరువు ఒకప్పుడు వరిపొలం. దిగువ వైపు పంటబోదెలోకి పాత తూము ఒకటి ఉంది, మట్టి కప్పి మూసేసింది. కూలీలు టిఫినుకి వెళ్ళారు. ఉదయభాస్కర్ పార తీసుకుని తనే ఆ మట్టి తవ్వాడు. ఉప్పునీళ్ళు బోదెలో పడి, చివరికెళ్ళి, దారి లేక సంపూర్ణమ్మ చేలోకి మళ్ళాయి. అప్పుడే ఈనిన చేను, గింజ పాలు పోసుకుంటోంది. ఆ సమయంలో ఉప్పు తగిలితే ఏమవుతుందో పొలం కూలి కొడుకుగా పెరిగిన అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. కాసేపేగా అనుకున్నాడు. కూలీలు తిరిగొస్తే అవతలి గట్టు పనికి పంపి, ఒంటిగంట దాకా వదిలాడు. తర్వాత మట్టి కప్పేసి, పార కడిగి, ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. ఆ పూట నుంచే ప్రార్థన "తండ్రీ" దగ్గర ఆగిపోవడం మొదలైంది.

రొయ్యలు బతికాయి. మూడు వారాలకి వలలేసి పట్టి అమ్మారు. అంత మంచి కౌంటు, అంత మంచి రేటు అతను ఎప్పుడూ చూడలేదు. అదే వారం సంపూర్ణమ్మ చేలో కంకులు వంగకుండా నిటారుగా, తెల్లగా నిలబడిపోయాయి. నలిపి చూస్తే గింజ లేదు, అంతా తాలు.

"పౌర్ణమి పోటుకి మురుగుకాలవలోంచి ఎగదన్ని ఉంటాదండి," అన్నాడు టీ కొట్టు దగ్గర ఎవరో.

ఉదయభాస్కర్ టీ గ్లాసులోకి చూస్తూ, "అయ్యుంటాది," అన్నాడు. అతను ఆడిన అబద్ధం అంతా కలిపి ఆ ఒక్క మాటే. కానీ ఆ మాట పేటంతా నిజమైపోయింది.

ఆ ఆదివారం గుళ్ళో సాక్ష్యాల వేళ, ఎవరి సంగతి వాళ్ళు లేచి చెప్పుకునే సమయంలో, సంపూర్ణమ్మ లేచి నిలబడింది. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పంటలో మొదటి పన, అంటే మొదట కోసిన వరికట్ట, కోత పండుగకి గుళ్ళో పెట్టాకే ఆ ఇంట్లో కొత్త బియ్యం వండుతారు. పోయినేడు ఇంట్లో గింజలు అయిపోయి, పండుగకి నాలుగు రోజుల ముందే కొత్త బియ్యం దంచుకుని తిన్నానని ఆవిడ చెప్పింది. ఎవరికీ చెప్పలేదంది. అందుకే దేవుడు పోటు పంపి ఈ ఏడు చేను తాలు చేశాడని, తనని క్షమించమని అందరూ ప్రార్థించాలని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జనమంతా ఆవిడ వంక చూశారు. కొందరు జాలిగా, కొందరు ఓహో ఇదా సంగతి అన్నట్టుగా. దేవుడు అలాంటివాడు కాదమ్మా అని అయ్యగారు సర్దిచెప్పారు గానీ, ఆవిడ చెవికి ఎక్కలేదు. మూడో వరసలో ఉదయభాస్కర్ కూచుని ఉన్నాడు. లేచి నిలబడాలనుకున్నాడు. తల వంచుకుని పాటల పుస్తకం తిప్పాడు. ఆ రోజు సంచిలో వేసిన కవరు ఎప్పటికంటే రెట్టింపు లావుంది.

డిసెంబరు మొదటి ఆదివారం కోత పండుగ. గుడి ముందు షామియానా, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన నాటుకోళ్ళు, ఉదయభాస్కర్ పంపిన రెండు టబ్బుల రొయ్యలు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద గంగరాజు మైకు పట్టుకుని వేలం మొదలుపెట్టాడు. ఆ వేలంలో ఎవరూ గీచి బేరమాడరు. ఆనపకాయకి రెండువేలు పాడి దర్జాగా భుజాన వేసుకుపోతారు, ఆ డబ్బు గుడికి. గంగరాజు నోటి చలవ వల్ల ఓ కోడిపుంజు ఆ రోజు ఆరువేలకి వెళ్ళింది.

అప్పుడు సంపూర్ణమ్మ తెచ్చిన పన వంతు వచ్చింది. కోతకి కూలి కూడా దండగని అందరూ చెప్పినా, ఆవిడ ఒక్కత్తే వెళ్ళి ఓ కట్ట కోసుకొచ్చింది. ఈసారి ఆనవాయితీ తప్పకూడదని. బంతిపూల దండ చుట్టి మరీ తెచ్చింది. గంగరాజు రెండు చేతులా ఎత్తబోయి, ఆ కట్టలో బరువు లేక తడబడ్డాడు.

"మన సంపూర్ణమ్మగారి పన అండి. వెయ్యితో మొదలెడదామండి. వెయ్యి!"

ఎవరూ మాట్లాడలేదు. తాలుకట్ట పాడితే ఇంటికి అచ్చిరాదని కొందరి భయం. పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. గంగరాజు ఐదువందలకి దిగాడు. సంపూర్ణమ్మ తలవంచుకుని కాలి బొటనవేలితో చాప అంచు మడుస్తోంది. ఉదయభాస్కర్‌కి ఆ నిశ్శబ్దం భరించడం చేతకాలేదు.

"పదివేలు," అన్నాడు.

షామియానా కింద చప్పట్లు మోగాయి. భాస్కర్ గారంటే భాస్కర్ గారేనండి, అంటూ గంగరాజు మైకులో పొంగిపోయాడు. ఇచ్చినవాళ్ళు తమ చేత్తో పాడినవాళ్ళకి అందించాలి, అయ్యగారు ఇద్దరికీ కలిపి ప్రార్థన చెయ్యాలి, అది అక్కడి పద్ధతి. సంపూర్ణమ్మ ఆ కట్ట అతని చేతుల్లో పెట్టి, అంతటితో ఊరుకోకుండా అతని తల మీద చెయ్యి వేసింది. "నా పరువు కాపాడావు నాయనా, నీ ఇల్లు చల్లగా ఉండాలి," అంది. ఆ చెయ్యి తీసేదాకా ఉదయభాస్కర్ చేతిలోని తాలుకట్ట వైపే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సంపూర్ణమ్మ ఇంటికొచ్చింది. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో పొలం పాసుపుస్తకం.

"భాస్కరా, పొలం నువ్వే కౌలుకి తీసేసుకో. మూడుసార్లు అడిగావు, కాదన్నాను. ఇంక నా వల్ల కాదు. మళ్ళీ పోటు ఎగదన్నితే తట్టుకోలేను. ఎవరికో ఇచ్చేకంటే, దేవుడి భయం ఉన్నవాడివి, నీకిస్తేనే నాకు మనసుకి బాగుంటాది."

పాసుపుస్తకం అతని చేతిలో పెట్టింది. మూడేళ్ళుగా కావాలనుకున్నది, అడక్కుండా, దీవెనతో సహా చేతికొచ్చింది. సిగ్గుపడాల్సిన మాటే గానీ దాచి లాభం లేదు. ఆ క్షణంలో అతని బుర్ర అరవై సెంట్లని నాలుగెకరాలకి కలిపేసింది. కాలవ వైపు గట్టు ఎక్కడ వెయ్యాలో, ఇంకో రెండు ఏరియేటర్లు ఎక్కడ పెట్టాలో చూసేసింది. "అలాగే పెద్దమ్మా," అని నోరు కూడా అనేసింది.

రూబీ కాఫీ తెచ్చి పెట్టి, "కౌలు మాట ఎలాగూ మాట్లాడుకుంటారు, ముందు ప్రార్థన చేసుకోండి," అంది. ఆ ఇళ్ళల్లో పెళ్ళిమాట అయినా పొలంమాట అయినా ప్రార్థనతోనే మొదలు. ముగ్గురూ తలలు వంచారు. "తండ్రీ," అన్నాడు ఉదయభాస్కర్. ఆగిపోయాడు. రూబీ అందుకునేలోపే సంపూర్ణమ్మ అందుకుంది.

"తండ్రీ, ఈ బిడ్డని నాకు అండగా ఇచ్చినందుకు నీకు స్తోత్రాలు. వీడి చేతి పని దీవించు. నీకు పెట్టకుండా ముందు తిన్న పాపిష్ఠిదాన్ని. ఆ గింజలు నేను కక్కలేను తండ్రీ. నన్ను క్షమించావో లేదో ఇప్పటికీ నాకు తెలీడం లేదు."

"ఆపు పెద్దమ్మా!"

ప్రార్థన మధ్యలో ఎవరూ అలా అరవరు. ఇద్దరు ఆడవాళ్ళూ కళ్ళు తెరిచి చూశారు. ఉదయభాస్కర్ పాసుపుస్తకం బల్ల మీద పెట్టేశాడు.

"నీ చేను దేవుడు తాలు చెయ్యలేదు. పోటు కూడా కాదు. నా చెరువు నీళ్ళు. నేనే తూము తవ్వి నీ బోదెలోకి వదిలాను."

సంపూర్ణమ్మ మెల్లగా అడిగింది.

"ఎప్పుడు?"

"పౌర్ణమి రోజు. పొద్దున్న పదింటికి."

"పోటు వేళ." ఆవిడ సముద్రం పక్కన పుట్టిపెరిగిన మనిషి, ఎక్కువ చెప్పక్కర్లేదు. "నాలుగింటికి పాటు వచ్చేద్దిగా. అందాకా ఆగలేకపోయావా?"

అతను బల్ల మీది పాసుపుస్తకాన్ని ఆవిడ వైపు జరిపాడు.

"నా చేను ఈనిందని తెలుసా నీకు?"

"తెలుసు పెద్దమ్మా."

"మరి నిన్న ఆ పదివేలు ఏంటి?"

సంపూర్ణమ్మ గొంతు పెరగలేదు గానీ, ఇంతకు ముందు ఎప్పుడూ ఆ గొంతులో వినని గరుకుదనం వచ్చింది.

"నాకియ్యాల్సింది తీసుకెళ్ళి దేవుడి చేతిలో పెట్టావు. పైగా నా చేతే నెత్తిన చెయ్యి వేయించుకుని దీవెన పట్టుకుపోయావు. ఆయనకి నువ్వేం బాకీరా? ఆయన చేనేమైనా పాడుచేశావా?"

ఉదయభాస్కర్ గబగబా లేచాడు. బీరువా తాళాలు వెతికాడు. పదిహేను బస్తాలకి ముప్పై బస్తాల ధర ఇస్తానన్నాడు, వచ్చే ఏడాదికి కూడా ఇప్పుడే ఇచ్చేస్తానన్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"కూచో," అంది సంపూర్ణమ్మ. "నా పంట నాకియ్యి, వద్దనను, అది నా తిండి. కానీ అది తర్వాత. నెల పైనుంచి నేను చెయ్యని పాపానికి ఏడుస్తన్నాను భాస్కరా. రాత్రిళ్ళు లేచి కూచుని ఇంకేం తప్పులు చేశానా అని చిన్నప్పటి నుంచీ వెతుక్కున్నాను. మా ఆయన పోవడం కూడా నా తప్పు వల్లేనేమో అనుకున్నాను. అది ఏ బీరువాలోంచి తీసి ఇస్తావు?"

అతను కూచుండిపోయాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు.

"నేను గుళ్ళో నిలబడి ఏడ్చాను. అందరూ నా వంక చూశారు. నువ్వూ అక్కడే చెప్పు," అంది. పాసుపుస్తకం తీసుకుని కవర్లో పెట్టుకుంది. కాఫీ ముట్టకుండానే వెళ్ళిపోయింది.

రూబీ గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది. "ఇన్నాళ్ళూ మీ ప్రార్థన నేను పూర్తి చేశాను," అంది. "ఇది మాత్రం నా వల్ల కాదండి."

ఆ వారం ఎలా గడిచిందో అతనికే తెలియాలి. పంటబోదెలోకి ఉప్పునీళ్ళు వదిలినట్టు బయటపడితే చెరువుకి అనుమతి ఉంటుందో ఊడుతుందో. కౌలుకిచ్చిన ఆసామి ఏమంటాడో. రాజమండ్రిలో ఉన్న కూతురికి ఏమని చెప్పాలో. గురువారం అయ్యగారి ఇంటికెళ్ళి అంతా చెప్పి, సంపూర్ణమ్మకి డబ్బు మీ చేతుల మీదుగా గుట్టుగా ఇచ్చేస్తే సరిపోదా అని అడిగాడు. అయ్యగారు తల అడ్డంగా ఊపారు. "మీ కానుకలు తీసుకుని దీవించిందీ నేనే, ఆవిడ ఏడిస్తే సర్దిచెప్పిందీ నేనే. ఇందులో నాకూ సిగ్గు ఉంది భాస్కర్ గారూ. గుట్టుగా వద్దు," అన్నారు.

ఆదివారం వచ్చింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకి రావచ్చని అయ్యగారు అన్నారు. మూడో వరసలోంచి ఉదయభాస్కర్ లేచాడు. అతను లేవడం చూసి గుడి ట్రెజరర్ కానుకేమో అనుకుని, అలవాటుగా రశీదు పుస్తకం తీసి, జేబులోంచి పెన్ను తీసి సిద్ధంగా కూచున్నాడు. గంగరాజు మైకు ఎత్తు సరిచేసి, నవ్వుతూ పక్కకి జరిగాడు.

"వందనాలండి," అన్నాడు ఉదయభాస్కర్. మైకుకి దగ్గరగా జరిగాడు. మళ్ళీ అన్నాడు. "సంపూర్ణమ్మ పెద్దమ్మ చేను తాలు పోయింది ఆవిడ పాపం వల్ల కాదండి. దేవుడు చెయ్యలేదు, సముద్రమూ చెయ్యలేదు. నా రొయ్యలు కాసిని చస్తాయని, ఉన్నది చాలక, నేను చేశాను. ఆవిడ ఇక్కడ నిలబడి ఏడుస్తుంటే ఆ మూడో వరసలో కూచుని విన్నాను."

ఆడవాళ్ళ వైపు నుంచి సంపూర్ణమ్మ ఏడుపు వినిపించింది. ఈసారి ఆవిడ వంక ఎవరూ చూడలేదు. అందరూ అతన్నే చూస్తున్నారు.